క్రిస్మస్ ఫ్రెండ్ చీటీ ఎంత ఖరీదు?

డిసెంబరు వచ్చిందంటే ఆరాధన ముగియగానే యవనస్థులు చీటీల డబ్బా తిప్పుతారు. ఎవరి పేరు వస్తే వారికి క్రిస్మస్ నాటికి రహస్యంగా ఒక బహుమతి కొనాలి. 'క్రిస్మస్ ఫ్రెండ్' మన సంఘాల్లో చిన్నాపెద్దా ఇష్టపడే ఆటే. అయితే "గిఫ్టు 500కి తగ్గకూడదు" అనే షరతు పెట్టినచోట కొందరు డబ్బా దగ్గరికి రాకముందే చెప్పులేసుకుని మెల్లగా వెళ్లిపోతారు.

సూళ్లూరుపేట లాంటి ఊళ్లో ఈ తేడా తొందరగా తెలుస్తుంది. షార్ ఉద్యోగి, శ్రీసిటీ కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసే అమ్మాయి, పులికాట్‌లో వల వేసే అన్న, పొలం పనికి వెళ్లే అక్క ఒకే మందిరంలో పక్కపక్కన కూర్చునే ఊరిది. ఒకరికి నెల తిరిగేసరికి జీతం పడుతుంది. ఇంకొకరికి వాన పడిన రోజు కూలి లేదు. మన తీరానికి డిసెంబరు వానల నెల కూడా. ఉపాధి హామీ కూలి 2025-26లో మన రాష్ట్రంలో రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన 500 గిఫ్టు అంటే ఒకటిన్నర రోజుకు పైగా కష్టం. ఇంట్లో ఇద్దరు పిల్లలు చీటీ తీస్తే మూడు రోజుల కూలి దాటిపోతుంది. కొత్తబట్టలు, కేకు, కానుక కవరు ఇంకా మిగిలే ఉంటాయి.

సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గింది కదా అంటారు. నిజమే, కానీ ఎవరికి తగ్గిందో చూడాలి. వెయ్యి రూపాయల లోపు బట్టల మీద పన్ను ముందు నుంచీ 5 శాతమే. కాబట్టి 600 రూపాయల గౌను కొనే తల్లికి ఆ మార్పుతో ఒరిగింది ఏమీ లేదు. 2,000 రూపాయల డ్రెస్సు కొనేవారికి మాత్రం 12 శాతం 5కు దిగి 140 రూపాయలు మిగిలాయి. పేదవారికి పనికొచ్చే తగ్గింపులు వేరేచోట ఉన్నాయి. నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, క్రేయాన్ల మీద పన్ను పూర్తిగా పోయింది. చూపు కళ్లద్దాల మీద, వెయ్యి లోపు చెప్పుల మీద 12 నుంచి 5కు తగ్గింది.

చేతిలో డబ్బు లేనివారికి ఫోనే దారి చూపిస్తోంది: వడ్డీ లేని వాయిదాలు, నిమిషంలో అప్పు. సున్నా వడ్డీ అనేది అసలు లేదనీ, అది ఏదో ఒక రూపంలో కొనేవారి మీదే పడుతుందనీ రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది. రహస్య బహుమతి కోసం ఇంట్లో తెలియకుండా చేసిన అప్పు మార్చి దాకా సాగితే, దాన్ని ప్రేమ అని ఎలా పిలుస్తాం?

లూకా 2వ అధ్యాయంలో గొల్లలు, దూతల దగ్గరే మనం ఆగిపోతాం. 24వ వచనం దాకా వెళ్తే, బాలయేసును దేవాలయానికి తెచ్చిన మరియ యోసేపులు అర్పించినది పక్షుల జత. గొర్రెపిల్లను తేలేని తల్లికి లేవీయకాండము 12 ఇచ్చిన వెసులుబాటు అది. (జ్ఞానుల బంగారం అప్పటికి అందిందా లేదా అని వాదించేవారున్నారు. ఆ వాదన ఇక్కడ అక్కరలేదు.) లేనివారు అప్పు చేయకుండానే, తల దించుకోకుండానే రావడానికి ధర్మశాస్త్రమే దారి తీసింది. మనం మాత్రం 500కు తక్కువైతే రావద్దంటున్నాం.

కాబట్టి షరతును తిరగేయాలి. "ఇంతకు తగ్గకూడదు" బదులు "150కి మించకూడదు" అనాలి. డబ్బున్నవారికి ఇదే కష్టం. ఎందుకంటే 150లో మంచి బహుమతి కొనాలంటే ఎదుటివారిని గమనించక తప్పదు. సండే స్కూలు పిల్లవాడికి క్రేయాన్లు ఉన్నాయా? గాయక బృందంలో అక్క పాటల పుస్తకం అట్ట ఊడిపోయిందా? చెన్నై వెళ్లే రైల్లో నిలబడి ప్రయాణం చేసే తమ్ముడికి టిఫిన్ బాక్సు ఉందా? ముందు ఇవి రాసుకుని, తర్వాత బజారుకు వెళ్లాలి. బజారులో నిలబడి ఆలోచిస్తే చివరికి ఫోటో ఫ్రేమే కొంటాం. ఇప్పటికే ప్రతి ఇంట్లో అవి నాలుగున్నాయి.

చూపు మందగించిన అవ్వకు పెద్ద అక్షరాల బైబిలు, కళ్లద్దాలు లాంటివి ఆ 150లో రావు. వాటికి నలుగురు కలిసి వేసుకోవచ్చు, ఎవరెంత వేశారో చెప్పకుండా.

కాపరులు ఈ మాటను డబ్బా తిరగకముందే, ఈ ఆదివారం ప్రకటనల్లోనే చెప్పాలి. తిరిగాక చెబితే, ఎవరికోసం చెప్పారా అని అందరూ వెనక్కి తిరిగి చూస్తారు.