శని ఉంగరాలూ, ఇస్నాపూర్ డాబా

స్పేస్ గేమ్‌లు ఆడే ప్రతివాడి దగ్గరా ఒక స్క్రీన్‌షాట్ ఉంటుంది. ఏదో రాళ్ళ చందమామ మీద షిప్ ఆగి ఉంటుంది, వెనక సగం ఆకాశం నిండా ఉంగరాలతో ఓ గ్యాస్ జెయింట్. మా టీమ్‌లో ఇద్దరి డెస్క్‌టాప్ మీద ఇదే బొమ్మ. బాగుంటుంది, కాదనను. కానీ నాకు దాంతో ఓ పేచీ ఉంది.

శని దగ్గరికి నిజంగా వెళ్తే అలా కనపడదండీ. ఎన్సెలాడస్, టెథిస్, డయోన్, రియా, టైటాన్... ఇవన్నీ దాదాపు ఉంగరాలున్న తలంలోనే తిరుగుతాయి. ఉంగరాల అడ్డకొలత సుమారు 2,80,000 కిలోమీటర్లు, మందం మాత్రం చాలాచోట్ల పది మీటర్ల లెక్క. అంటే మన పాశమైలారంలో ఓ ఫ్యాక్టరీ షెడ్డు ఎత్తు! పళ్ళేన్ని కంటికి సమంగా, అంచు వైపు నించి పట్టుకుని చూడండి, అదీ సంగతి. ఎన్సెలాడస్ నించి శని ఏకంగా 29 డిగ్రీలు ఉంటుంది, మన చందమామలు ఓ యాభై పైచిలుకు వరసగా పేర్చినంత. ఉంగరాలు మాత్రం దాని మీద అడ్డంగా ఒక గీత. టైటాన్ మీదైతే ఆ గీత కూడా లేదు. 2005 జనవరి 14న హైగెన్స్ దిగినప్పుడు పంపిన ఫోటోల్లో ఉన్నది మసక నారింజ వెలుతురే.

నో మ్యాన్స్ స్కై (2016) లాంటి దాన్ని ఈ విషయంలో తప్పు పట్టను. అందులో గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరగనే తిరగవు, అదంతా బొమ్మల కొలువు. కానీ ఎలైట్ డేంజరస్ (2014) లాంటివి నిజమైన కక్ష్యలు, మన సౌర కుటుంబంతో సహా, లెక్క కట్టి చూపిస్తాయి. అలాంటివి ఆడేవాడు కూడా వాల్‌పేపర్ ఆకాశమే కావాలనడం నాకు మింగుడు పడదు.

"గీత చూడ్డానికి ఎవడు డబ్బులిస్తాడన్నా?" అన్నాడు మా జూనియర్. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఇయాపెటస్. 1671లో కాసిని కనిపెట్టిన చందమామ, శనికి 35 లక్షల కిలోమీటర్ల అవతల ఉంటుంది. దాని కక్ష్య ఉంగరాల తలానికి సుమారు 15 డిగ్రీలు వాలి ఉంది. ఒక్క పారామీటరు, ఇంక్లినేషన్! అంత దూరం నించి కూడా ఉంగరాలు మన తొమ్మిది చందమామల వెడల్పు కనపడతాయి. అందులోనూ తమాషా ఏంటంటే, 79 రోజుల ప్రదక్షిణలో రెండుసార్లు తలాన్ని దాటేటప్పుడు అవి గీతగా మూసుకుపోయి మళ్ళీ మెల్లగా విచ్చుకుంటాయి. టైమ్ చూసుకుని వెళ్ళి దిగాల్సిన చోటు అది. గేమ్ డిజైనరుకి ఇంతకన్నా ఏం కావాలి?

అన్నట్టు ఇలాంటిదే మనకీ జరుగుతుంది. 2025 మార్చి 23న భూమి ఉంగరాల తలాన్ని దాటింది. ఆ నెలలో శని సూర్యుడి పక్కనే ఉండటంతో కనపడలేదుగానీ, నవంబరులో చూసినవాళ్ళకి కూడా ఉంగరాల బదులు దాదాపు గీతే. టెలిస్కోపు కొన్నవాళ్ళు ఆ ఏడాది కొంచెం నిరాశపడి ఉంటారు, నాకైతే అదే అసలు వేడుక.

పటాన్‌చెరులో ఆకాశమేంటి అంటారా? ఇది 1990లోనే కాలుష్యం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ప్రాంతం. ఇప్పటికీ కొన్ని రాత్రులు ఆ ఘాటు వాసనకి కిటికీ మూసుకోవాల్సిందే. ముంబై హైవే లైట్లు సరేసరి. పాలపుంత ఇక్కడి పిల్లలకి ఫోన్లో తప్ప కనపడదు, దాని గురించి నాకు కోపం ఉంది. కానీ శనిని ఈ లైట్లు ఆపలేవు. అది మామూలు కంటికే బాగా కనపడేంత వెలుగు. చిన్న టెలిస్కోపులో ముప్ఫై, నలభై రెట్లు పెంచి చూస్తే చాలు, ఇస్నాపూర్ డాబా మీంచి కూడా ఉంగరం తెలుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ధరలో నాలుగో వంతుకే అలాంటిది వస్తుంది.

మా జూనియర్‌కి ఇదంతా చెప్తే, "రిజల్యూషన్ ఎంతన్నా?" అన్నాడు. 2032 నాటికి ఉంగరాలు బాగా విచ్చుకుంటాయి, అప్పటిదాకా ఏటా కొంచెం కొంచెం తెరుచుకుంటూ ఉంటాయి. వాణ్ణి ఒకసారి డాబా ఎక్కించాలి.