పెండ్లిపిల్ల ఆడితె ముచ్చట, నర్సు ఆడితె మెమో

‘బుల్లెట్టు బండి’ పాట యూట్యూబ్‌ల వచ్చింది 2021 ఏప్రిల్‌ల. ఊరూరా మోగింది మాత్రం ఆగస్టుల. నడుమ ఏమైందంటే, కరోనా. మే 12 నుంచి రాష్ట్రంల లాక్‌డౌన్, జూన్ 20కి గని ఎత్తెయ్యలే. గా వెనుకనే ఆషాఢం. బరాత్‌లే లేనప్పుడు బరాత్ పాట యాడ మోగుతది? శ్రావణం వచ్చి లగ్గాలు మొదలైనంకనే దానికి గాలి తగిలింది.

గప్పుడే మంచిర్యాలల ఒక పెండ్లిపిల్ల బరాత్‌ల పెండ్లికొడుకు ముంగట గీ పాటకు ఆడింది. ఫోన్ల తీసిన వీడియో సూస్తుండంగనే అందరి ఫోన్లకు చేరింది. పాట లక్ష్మణ్ రాసిండు, ఎస్‌.కె. బాజి బాణీ కట్టిండు, ‘బాహుబలి’ల ‘మనోహరి’ పాడిన మోహన భోగరాజు పాడింది. సినిమా లేదు, హీరో లేడు. అయినా పాటను ఇంటింటికి తోల్కపోయింది గా పిల్లనే.

మామూలుగ బరాత్‌ల మనం చూసేదేంది? డీజే ముంగట పిలగాని దోస్తులు దుమ్ము లేవంగ ఆడుతరు, పిల్ల తలకాయ వంచుకొని కూసుంటది. కాప్రా, ఈసీఐఎల్ దిక్కైనా గంతే, మన ఊళ్లెనైనా గంతే. గీ పాటల పిల్ల తనే నోరు తెరిచి, నీ బండెక్కి వస్తనంటది. మాట ఆమెదే. కాకపోతె బండి పిలగానిది, చేరే ఇల్లూ పిలగానిదే (గది గుడ యాదికుంచుకోర్రి).

గదే నెలల, పంద్రాగస్టు వేడుకలప్పుడు, సిరిసిల్ల జిల్లాల ఒక సర్కారు దవాఖాన నర్సు గీ పాటకే ఆడింది. వీడియో బయటపడ్డంక ఆమె చేతికి మెమో వచ్చింది. రోగులను ఇడిసిపెట్టి ఆడితె తప్పే, కాదనం. కని గా ఏడాది నర్సమ్మలు ఎంత కష్టపడ్డరు! టీకాల పెట్టె భుజానేసుకొని తిరిగిండ్రు, రోగం అంటుతదని తెలిసీ డ్యూటీ చేసిండ్రు. జెండా పండుగనాడు ఒక్క పాటకు కాలు కదిపితె, పిలిచి ఒక మాటంటె అయిపోతుండె. కాయితం దాకా ఎందుకు?

నాకైతె ఒకటే అనిపిస్తది. పెండ్లిపిల్ల ఆడింది మొగని కోసమని మనకు నచ్చింది. నర్సు తన సంబురానికి తను ఆడింది, అది మింగుడు పడలే. ఇప్పటికీ బరాత్‌ల పెండ్లిపిల్ల ఆడితె ఫోన్లన్నీ పైకి లేస్తయి. ఆమె పక్కన చెల్లె జర గట్టిగ ఆడితె మాత్రం, ఇంటికి పోయినంక పెద్దమ్మ పంచాయితి పెడ్తది.