సెలవు ఉన్నది, సముద్రం ఉన్నది – చేరుకొనే దారి ఏది?

వేతనంతో కూడిన సెలవు దినాలెన్ని అన్న అంశం మన కోర్కెల పత్రాలన్నింటిలో ఉంటుంది. ఆ సెలవులో కార్మికుడు భార్యాబిడ్డలతో ఎక్కడికి పోగలడు, అందుకు ఎంత ఖర్చవుతుంది అన్న అంశం మాత్రం ఉండదు. సముద్రతీర విహారం ధనికుల వ్యవహారమని, యూనియను పత్రికలో దానికి చోటెందుకని కొందరు మిత్రులు అనవచ్చును. మేము ఆ మాటను అంగీకరించము. కొలిమి వద్ద, మగ్గం వద్ద, ఇంజను షెడ్డులో షిఫ్టుల వంతున పనిచేసే మనిషిని అతని బిడ్డలు మెలకువగా చూచేదే అరుదు. నాలుగు దినాలు వారితో సముద్రపు ఒడ్డున గడపవలెనని కోరుటలో విలాసమేమీ లేదు.

1936 జూన్‌లో ఫ్రాన్సు కార్మికులు దేశవ్యాప్త సమ్మెల బలంతో రెండు వారాల వేతన సెలవును శాసనంగా సాధించుకున్నారు. అదే వేసవిలో వార్షిక సెలవుపై పోయే కార్మిక కుటుంబాలకు రైలు చార్జీలో 40 శాతం తగ్గింపు కూడ వచ్చింది. టిక్కెట్టు కొనలేనివానికి సెలవు ఇచ్చి ప్రయోజనం లేదని అక్కడ ఆనాడే గుర్తించారు. మన దేశంలో ఈ రెండింటినీ కలిపి చూచుట నేటికీ జరుగలేదు.

మన సెలవే ఎంత? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 దినాలు పనిచేసిన వయోజనునికి ఇరవై పని దినాలకు ఒక దినం చొప్పున సెలవునిచ్చింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కోడ్ అర్హతను 180 దినాలకు తగ్గించింది గాని, ఇరవైకి ఒకటి అన్న లెక్కను కదిలించలేదు. మూడు వందల దినాలు చెమటోడ్చినవానికి పదిహేను దినాలు. కనీసం మూడు వారాలుండవలెనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970లో చేసిన ఒడంబడికను భారతదేశం ఆమోదించలేదు. ఇక కాంట్రాక్టు కార్మికుని మాట వేరుగా చెప్పనక్కరలేదు. ఏటేటా కాగితంపై కాంట్రాక్టరు మారుతాడు, అతని సర్వీసు మళ్లీ ఒకటో దినం నుండి మొదలవుతుంది. ఆ పదిహేను కూడ అతనికి దక్కవు.

దక్కినవారు ఆ సెలవును ఏమి చేస్తున్నారు? వీలున్న చోట అమ్ముకొంటున్నారు. మిగిలినది స్వగ్రామానికి పోతుంది. షోలాపూరులో, భివండీలో మగ్గాలు నడిపే మన తెలుగువారికి సొంత ఊరి ప్రయాణమంటే పెండ్లిండ్లు, దినకర్మలు, పాత అప్పుల పంచాయితీలు. దానిని విశ్రాంతి అనుట కష్టం.

చార్జీల సంగతి చూడండి. ఐదు నుండి పన్నెండేళ్లలోపు పిల్లలకు సగం చార్జీకే బెర్తునిచ్చే పద్ధతిని రైల్వేశాఖ 2016 ఏప్రిల్ 21 నుండి ఎత్తివేసింది. బెర్తు కావలెనంటే పూర్తి చార్జీయే. ఆరేళ్ల బిడ్డ, పదేళ్ల బిడ్డ ఉన్న దంపతులు అంతకు ముందు మూడు టిక్కెట్ల ధరకు పోగలిగేవారు, ఇప్పుడు నాలుగు కొనవలెను. అరవై ఏళ్లు దాటిన పురుషులకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన స్త్రీలకు 50 శాతం ఉండిన రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు. కనుక ముసలి తల్లిని వెంట తీసుకొనిపోదామన్న కొడుకు రెండుమారులు ఆలోచించవలసి వస్తున్నది. పైగా, రిజర్వేషను గడువును 2024 నవంబరు 1 నుండి 120 దినాల నుండి 60కి తగ్గించారు. అందువల్ల మనకు కలిగిన నష్టం పెద్దది కాదు. అసలు చిక్కు ఫ్యాక్టరీ గేటు లోపల ఉన్నది. సెలవు మంజూరయ్యేది వారం దినాల ముందు, అప్పటికి బెర్తులు ఉండవు. తత్కాల్ పేర అదనపు సొమ్ము కట్టవలెను. సెలవుల పట్టికను రెండున్నర నెలల ముందే ప్రకటించవలెనని మనం కోరితే యాజమాన్యానికి పైసా ఖర్చు లేదు, కుటుంబానికి మాత్రం వందల రూపాయలు మిగులుతాయి.

గది అద్దె విషయంలోనూ అంతే. దినానికి వెయ్యి రూపాయలకు మించని గదిపై పన్ను ఉండేది కాదు. 2022 జూలై 18 నుండి 12 శాతం వేశారు, 2025 సెప్టెంబరు 22 నుండి అది 5 శాతమైంది. చౌక గదిపై అసలే లేని పన్నును వేసి, తరువాత తగ్గించి, దానిని ఉపకారమని చెప్పుకొనుట విడ్డూరం. కేంద్ర ప్రభుత్వోద్యోగికి నాలుగేళ్లకు రెండు పర్యాయాలు ప్రయాణ రాయితీ ఉన్నది, కాని అది చార్జీలకే గాని బసకు, భోజనానికి వర్తించదు. బ్యాంకు, రైల్వే సిబ్బందికి పూరీ వంటి చోట్ల విశ్రాంతి గృహాలున్నాయి. నూలు మిల్లు కార్మికునికి, సిమెంటు కార్మికునికి ఎందుకుండరాదు?

విశ్రాంతి గృహమని చెప్పి ఒక గది, ఒక పొయ్యి చూపించి చేతులు దులుపుకొనే పద్ధతికి మేము వ్యతిరేకులము. ఇంటివద్ద వండిన స్త్రీయే అక్కడ కూడ వండి, గిన్నెలు తోమి, తడిసి ఇసుకతో వచ్చిన పిల్లల బట్టలు ఉతికితే ఆమెకు లభించిన సెలవు ఏది? క్యాంటీను లేని విశ్రాంతి గృహాన్ని మన సంఘాలు ఒప్పుకొనరాదు.

సముద్రమంటే దూరదేశం కానక్కరలేదు. సూర్యలంక తీరం బాపట్ల స్టేషనుకు సుమారు తొమ్మిది కిలోమీటర్లు, వాడరేవు చీరాలకు ఇంకా దగ్గర. ఖరగ్‌పూరులోని మనవారికి దీఘా ఉన్నది. కార్తీక పౌర్ణమికి ఈ తీరాలలో కాలు పెట్ట సందుండదు, అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల భయం. బడి సెలవులు, చల్లని వాతావరణం కలిసివచ్చేది సంక్రాంతికే.

ఒక హెచ్చరిక. అలలు విరగక ప్రశాంతంగా కనిపించే జాగాను చూచి పిల్లలను అక్కడ దింపుతారు. తరచు ఒడ్డు నుండి లోనికి లాగే ప్రవాహం ఉండేది అక్కడే. ఎక్కడ దిగవచ్చునో స్థానిక మత్స్యకార సోదరులను అడిగి తెలుసుకొనవలెను. ప్రవాహంలో చిక్కినవాడు ఒడ్డుకు ఎదురీదక, ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడవలెను. త్రాగినవారిని నీటివైపు పోనీయరాదు.

జనవరి నడుమ ప్రయాణానికి రిజర్వేషను నవంబరు నడుమ తెరుచుకొంటుంది. శాఖలు అక్టోబరులోనే కుటుంబాల పేర్లు వ్రాసుకొని, పది కుటుంబాలు కలిసిన చోట గదులకు టోకున బేరమాడి, సెలవుల జాబితాను ఒకే అర్జీగా యాజమాన్యానికి అందజేయవలెను. ఆ జాబితాలో కాంట్రాక్టు కార్మికుల పేర్లు కూడ ఉండవలెను. వారికి సెలవు లేదని యాజమాన్యం త్రిప్పిపంపితే, ఆ జవాబును వ్రాతపూర్వకంగా తీసుకొని ఫెడరేషను కార్యాలయానికి పంపవలసినదిగా కోరుతున్నాము.