పైపుల కొలువు.. నీటి పథకం మీదేనా?

పల్లెల్లో ఇంటింటికీ కుళాయి నీళ్లివ్వాలని 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌కు 2024 గడువు దాటిపోయింది. 2025 బడ్జెట్‌లో 2028 దాకా పొడిగించారు. శ్రీకాళహస్తి లాంటి చోట్ల డక్టైల్ ఐరన్ పైపుల ఫ్యాక్టరీలో కొలువు చూసుకునే ఐటీఐ, డిప్లొమా కుర్రాళ్లకు ఇది సంబంధం లేని వార్త కాదు. ఈ పైపులు ఎక్కువగా కొనేది సర్కారు నీటి పథకాలే. బిల్లులు ఆగితే ఆ సెగ షాప్ ఫ్లోర్‌కూ తగులుతుంది.

అయితే పని మాత్రం నేర్చుకోదగ్గదే. గిర్రున తిరిగే అచ్చులో కరిగిన ఇనుము పోస్తే, అది గోడకు ఒత్తుకుని గొట్టంలా గట్టిపడుతుంది. ఇంజిన్ లైనర్లు, బుష్‌లు, రోలింగ్ మిల్లు రోల్స్ పోతకూ ఇదే సూత్రం. అచ్చు వేగం, పోత ఉష్ణోగ్రత, మెగ్నీషియం మోతాదు ఎందుకు మారుస్తారో తెలిసినవాడికి పైపులు కాకపోతే మరొకటి. చేరేముందే అడగండి: మెషిన్ దగ్గరే ఉంచుతారా, ల్యాబ్‌లో కూడా వేస్తారా?