పాత ఫోను, క్రొత్త ఫోను, నడుమ ఒక నకలు

ఏటేట ఈ సంచికకు మేము చేతివ్రాతను గూర్చియో, సమయపాలనమును గూర్చియో వ్రాయుట పాఠకులకు తెలిసినదే. ఈ పర్యాయము సెల్‌ఫోనును గూర్చి వ్రాయుదుమనగా ఉపాధ్యాయుల గదిలో నవ్వు పుట్టినది. బడిలోనికి ఫోను తేరాదని గోడమీద వ్రాయించినవారము మేమే గదా! అయినను గత సంవత్సరము మేము తొందరపడి చెప్పిన యొక మాటవలన ఒక కుటుంబమునకు తీరని నష్టము కలిగినది. దానిని దాచి మరియొకదానిని వ్రాయుటకు మనస్సు ఒప్పలేదు.

మా పదవ తరగతి విద్యార్థి యొకడు, చురుకైనవాడు, 2025 జూలైలో తన తల్లి ఫోనునందు బీటా సాఫ్ట్‌వేరు వేసెను. బీటా యనగా ఇంకను పూర్తిగా సిద్ధము కాని కూర్పు. అందరికిని విడుదల చేయుటకు ముందు, లోపములు కనిపెట్టి తెలుపుటకై, ఇష్టపడినవారికి సంస్థలు దానిని ఇచ్చుచుండును. క్రొత్త సొగసులను తోటివారికంటె ముందుగా చూడవలెనను ఉబలాటము తప్ప ఆ బాలునకు వేరు తలంపు లేదు. ఆ ఇంట అట్టి ఫోను అదొక్కటియే. ఆగస్టులో అతని నాయనమ్మ ఆసుపత్రిలో నుండగా, ఆమె మంచముమీద పలికిన మాటలను కువైటులో నున్న చిన్నకుమారునకు వినిపింపవలెనని కోడలు ఆ ఫోనులోనే రికార్డు చేసినది. దూరమున నున్నవాడు విని దిగులుపడునని వెంటనే పంపలేదు. పెద్దామె కన్ను మూసినది. కుమారుడు నెలాఖరున సెలవు దొరకి వచ్చుచు, వదినకొక క్రొత్త ఫోను తెచ్చెను.

ఆ సాయంకాలము బాలుడు మాకు ఫోను చేసి, "సార్, బ్యాకప్పు ఉన్నది. పాతదానిని తుడిచి అమ్మివేయవచ్చునా?" అని అడిగెను. "బ్యాకప్పు ఉండగా భయమేమి? తుడిచివేయుము" అంటిమి. అది ఏ తేదీన తీసినదని అడుగలేదు. ఏ కూర్పుతో తీసినదని అడుగలేదు. బడి కంప్యూటరు గది తాళపుచెవి మాయొద్ద నుండును గనుక, ఆ బాలునకు మా మాటపై సందేహము కలుగలేదు.

క్రొత్త ఫోను ఆ నకలును పుచ్చుకొనలేదు. నకలు తీసిన సాఫ్ట్‌వేరు ఈ ఫోనులోని దానికంటె క్రొత్తదని తెరపై కనబడెను. రెండు దినములు ప్రయాసపడి, క్రొత్త ఫోనును గూడ బీటాకు ఎక్కించి, మరల మొదటినుండి ప్రారంభించి, నకలును అందులోనికి దింపితిమి. ఫొటోలు వచ్చినవి. పేర్లు, నంబర్లు వచ్చినవి. ఆగస్టు మాత్రము రాలేదు. ఉచితముగ దొరకు స్థలము నిండిపోవుటచే, జూలై నెలాఖరు తరువాత నకలు తీయబడనే లేదు. పాత ఫోను అప్పటికే తుడిచివేయబడినది. ఈ కాలపు ఫోనులు తమలోని సమాచారమును రహస్యలిపిలో దాచుకొని, తుడుపుమన్నప్పుడు ఆ లిపి తాళపుచెవినే నశింపజేయును. ఆ పిమ్మట ఎంతటి నేర్పరి విప్పి చూచినను చదువుట సాధ్యము కాదు. "మాష్టారూ, మా అత్తగారి గొంతు ఎక్కడ నున్నదండీ?" అని ఆమె అడిగినప్పుడు మాకు నోట మాట రాలేదు. చిన్నకుమారుడు గోడవైపు తిరిగి నిలుచుండెను. ఆ ఫోను ఏ సంస్థదో చెప్పుట అనవసరము. యంత్రము తనకు చెప్పిన పని చేసినది. తప్పు మాది.

క్రొత్త ఫోను నకలును నిరాకరించుట సంస్థల దురాశయని అనువారు కలరు. మేమట్లు తలంపము. ఎనిమిదవ తరగతి పిల్లవాడు అయిదవ తరగతి వాచకమును చదువగలడు. అయిదవ తరగతివాని చేతికి ఎనిమిదవ తరగతి బీజగణితమిచ్చినచో అందలి గుర్తులే వానికి తెలియవు. క్రొత్త కూర్పు చేయువారు, పాత కూర్పు ఏ వస్తువును ఏ అరలో దాచినదో ఎరుగుదురు. కావున పాత అమరికను క్రొత్తదానిగా మార్చు మార్గమును అందు చేర్చగలరు. పాత కూర్పు చేసినవారికి రాబోవు మార్పులు ఎట్లు తెలియును? తెలియని వ్రాతను తెలిసినట్లు చదివి సగము పాడుచేయుటకంటె "నాకు రాదు" అని నిలిచిపోవుటయే మేలు. (ఈ నిజాయితీ మా తరగతులలోనే అరుదు.)

ఈ చిక్కు మా ఊరి బాలునికే వచ్చినది కాదు. యాపిల్ సంస్థ 2019 సెప్టెంబరు 19వ తేదీన ఐఓఎస్ 13ను విడుదల చేసి, మరునాడు అమెరికా మొదలగు దేశములలో ఐఫోన్ 11ను అమ్మకమునకు పెట్టెను. మన దేశమునకు అది 27వ తేదీన వచ్చినది. అయితే 13.1 అను తరువాతి కూర్పుయొక్క బీటా ఆగస్టు చివరనే వెలువడియుండెను. బీటాలకు అలవాటుపడినవారు తమ పాత ఫోనులలో దానిని అప్పటికే వేసికొనియుండిరి. పెట్టె విప్పి చూడగా క్రొత్త ఫోనులో నున్నది 13. చేతిలోని పాత ఫోనులో నున్నది 13.1. వయస్సున చిన్నదైన యంత్రమే చదువున వెనుకబడినది! నకలు దిగలేదు. 13.1ను 30వ తేదీన ఇత్తుమని మొదట చెప్పిన సంస్థ దానిని 24వ తేదీకి ముందుకు జరిపెను. ఓపిక గలవారు ఆ నాలుగు దినములు పాత ఫోనుతోనే గడపిరి. లేనివారు క్రొత్త ఫోనును గూడ బీటాలోనికి దింపిరి. ప్రతి సంవత్సరము జూన్‌లో బీటాలు మొదలై సెప్టెంబరులో క్రొత్త ఫోనులు వచ్చు ఆచారమున్నంత కాలము ఇట్టి తారసిల్లుట మరల మరల జరుగుచునే యుండును.

బీటాతో సంబంధము లేకున్నను చిక్కు రావచ్చును. 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 వచ్చినప్పుడు, పాత ఐఫోనునుండి నేరుగా సమాచారము తెచ్చుకొనుటను అడ్డగించు లోపమొకటి బయలుపడినది. ఐఓఎస్ 17.0.2 అను సవరణతో దానిని దిద్దిరి. ఆ సవరణను ముందు వేసికొని, సమాచారమును తరువాత మార్చుకొనవలసియుండెను. ఆండ్రాయిడ్ ఫోనులయందును ధర్మము ఇదియే. పై కూర్పుతో తీసిన నకలు క్రింది కూర్పు గల ఫోనులోనికి దిగదని గూగుల్ సంస్థ స్పష్టముగ చెప్పుచున్నది. తుది విడుదల రాకముందే బీటానుండి వైదొలగి పాత కూర్పునకు పోగోరువారి ఫోను పూర్తిగా తుడిచివేయబడును.

ఇట్టి సంకటమున పడినవారికి దారి లేకపోలేదు. క్రొత్త ఫోనును ఖాళీ ఫోనుగా ప్రారంభించి, పాత ఫోనులోని కూర్పునకో, అంతకు పైదానికో ఎక్కింపవలెను. ఐఫోనులందు 2023లో వచ్చిన 16.4 మొదలుకొని, సెట్టింగులలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అనుచోటనే బీటాలను ఎన్నుకొను వీలున్నది. పిదప ఆ ఫోనును తుడిచి, ఐక్లౌడు నకలైనచో మొదటి పలుకరింపు తెరనుండి మరల రావలెను. నకలును దింపుకొందువా యని అది అడుగునది అక్కడనే. బీటా వలదనుకొనువారు తుది విడుదల వచ్చువరకు క్రొత్త ఫోనును పెట్టెలోనే యుంచి, పాతదానితో కాలము గడపుట ఉత్తమము. మేము ఈ రెండవదానినే మెచ్చుకొందుము. దొరకిన దినముననే వాడనియెడల చెడిపోవు వస్తువా అది?

ఇదంతయు చిక్కు వచ్చిన తరువాతి మాట. ముందుగ చేయదగినదానిని మన రైతులు ఎప్పుడో చేసి చూపిరి. క్రొత్త వంగడమును నాటిచూడదలచిన రైతు పాత విత్తనములను వేరుగ కట్టి గాదెలో నుంచును. వాటిని తిండిగింజలలో కలుపడు, అమ్మడు. బీటా వేయువాడును అట్లే, వేయుటకు ముందు కంప్యూటరుమీద పూర్తి నకలు తీసి, దానిని ప్రత్యేకముగ భద్రపరుపవలెను. యాపిల్ వారి పద్ధతిలో దీనిని ఆర్కైవ్ చేయుట యందురు. ఇట్లు చేయనిచో తరువాత తీసిన నకలు మునుపటిదాని స్థానమును ఆక్రమించును. బీటా వేసిన మరునాడు తీసిన నకలు పాత కూర్పునకు ఎక్కదు. అనగా ఒక్క రాత్రిలో వెనుకకు పోవు దారి మూసికొనిపోవును.

కంప్యూటరుమీది నకలుకు సంకేతపదము పెట్టుట మంచిది. అట్లు పెట్టినప్పుడే ఐఫోనులోని సంకేతపదములును ఆరోగ్య వివరములును నకలులో చేరును. అయితే ఆ పదమును మరచినచో ఆ నకలును ఎవ్వరును విప్పలేరు. దానిని కాగితముమీద వ్రాసి, ఇంటి పత్రములున్న పెట్టెలో నుంచుడు. వాట్సాప్ సంభాషణలకు 2021 నుండి అట్టి తాళమునే వేసికొను వీలున్నది. ఆ తాళమునకు సంకేతపదమైనను ఉండును, 64 అంకెల తాళపుచెవియైనను ఉండును. రెండవదానిని కంఠస్థము చేయుదుమనువారికి మా నమస్కారములు.

"అంతయు క్లౌడులో నున్నది గదా!" యను మాటను మేమిప్పుడు వినలేకున్నాము. యాపిల్ ఉచితముగ ఇచ్చునది 5 జీబీ, గూగుల్ ఇచ్చునది 15 జీబీ. రెండవదానిలో ఈమెయిలును, ఫొటోలును, నకళ్లును అన్నియు ఒక్క కుండలో వండవలసినదే. ఒక పెండ్లి వీడియోతో అది నిండును. నిండినదను సూచన తెరపై వచ్చుచునే యుండును. మనము దానిని వేలితో ప్రక్కకు త్రోయుచునే యుందుము. నకలు ఉన్నదా యనుట ప్రశ్నయే కాదు. చిట్టచివర ఏ దినమున తీయబడినది? ఏ కూర్పుతో తీయబడినది? ఈ రెంటికిని ఉత్తరము చెప్పలేనివాడు పాత ఫోనును తుడువరాదు. తెలిసినవాడైనను వెంటనే తుడువరాదు. క్రొత్త ఫోనులో ఫొటోలను తెరచి చూడవలెను. రికార్డులను విని చూడవలెను. బ్యాంకు పనులు చేయు యాప్‌లు నకలుతో సిద్ధమై రావు. యూపీఐ వంటివాటికి సిమ్ముతో మరల నమోదు కావలెను. ఒక నెల పాతది బీరువాలో పడియున్నచో దుకాణములో దాని ధర కొంత తగ్గును. తగ్గనిండు.

ఇక మా విద్యార్థులతో ఒక మాట. బీటాలను పరీక్షించువారు ఉండవలెను. వారు కనిపెట్టిన లోపములవలననే కోట్లకొలది జనులకు చేరు కూర్పు శుభ్రపడుచున్నది. యాపిల్ వారు తమ ఫోనుల బీటాలను 2015 నుండి సామాన్యులకును ఇచ్చుచుండుట ఇందులకే. ఆ పని నేర్చుకొనగోరు బాలుని మేము తిట్టము. అట్టివారే రేపటి ఇంజనీరులు. కాని ఆ ఫోను ఎవరిది? మన ఇండ్లలో తల్లి ఫోనులోనే స్వయంసహాయక సంఘపు లెక్కలు, గ్యాసు బుకింగు, తమ్ముని విద్యార్థి వేతనమునకు వచ్చు ఓటీపీ, తాతగారి మందుల చీటీ ఫొటో అన్నియు నుండును. అది ఒకరి సొత్తు కాదు. అందు ప్రయోగములు చేయుటకు "అమ్మా, చేయనా?" యని అడిగినను చాలదు, ఏమి పోవచ్చునో ఆమెకు తెలియనప్పుడు ఆమె సమ్మతికి అర్థము లేదు. ప్రయోగము చేయగోరువాడు మూలపడియున్న పాత ఫోనుమీద చేయవలెను. అట్టిది లేనిచో తుది విడుదలవరకు రెండు మూడు నెలలు ఓర్చుకొనవలెను. ఆ బాలుడు దొంగతనముగ చేసినాడని మేము చెప్పుట లేదు. తెలిసినవారము చెప్పలేదు, అంతే. కంప్యూటరు పాఠములలో కీబోర్డు భాగములు వర్ణింపుమని ప్రశ్న లిచ్చితిమి గాని, నకలు తేదీ చూచుట నేర్పలేదు.

గత నవంబరునుండి, ప్రతి నెల రెండవ శనివారము మధ్యాహ్నము, మా బడి కంప్యూటరు గది తెరచియుంచబడుచున్నది. తల్లిదండ్రులు తమ ఫోనును, దాని తీగను, తమ సొంత పెన్‌డ్రైవునో డిస్కునో తెచ్చుకొనవలెను. బడి కంప్యూటరులో ఎవరి ఫొటోలును మిగులనీయము. నకలు తీయుటకు పై తరగతుల బాలురును బాలికలును తోడ్పడుచున్నారు. మొదటి శనివారము తలుపు తీయకమునుపే వచ్చి వరండాలో కూర్చున్నది ఆ తల్లియే. కుమారుడు తీగను పట్టుకొని ప్రక్కన నిలుచుండెను. పని ముగిసిన తరువాత ఆమె పెన్‌డ్రైవును కొంగున ముడివేసికొని, "తేదీ సరిగా పడినదా, ఒకమారు చూడండి మాష్టారూ" అనెను. చూచితిమి. పడినది.