విజ్ఞాన వీచిక: మద్రాసులో దొరికిన ‘ఆసియా’

అగ్రికో మైదానంలో నిలిచి రాత్రి ఆకాశాన్ని తిలకించే పిల్లలు కుజుణ్ణీ గురుణ్ణీ సులభంగానే గుర్తు పట్టగలరు. ఆ రెండు గ్రహాల కక్ష్యల నడుమ లక్షలాది గ్రహశకలాలు సూర్యుని చుట్టూ పరిభ్రమిస్తున్నాయి. అవి దాదాపు అన్నీ మామూలు కంటికి ఆననివే. వాటిలో ఒకదాని పేరు ‘ఆసియా’.

1861 ఏప్రిల్ 17న మద్రాసు నుంగంబాకం వేధశాలలో నార్మన్ రాబర్ట్ పాగ్సన్ దీనిని కనుగొన్నారు. ఆయన ఆ వేధశాల బాధ్యతలు స్వీకరించింది ఆ సంవత్సరమే. ఆసియా ఖండం నుండి కనుగొన్న మొదటి గ్రహశకలం కావడం వల్ల దానికా పేరు వచ్చింది. వరుసలో అది 67వది. ఆ వేధశాలలో 1792లో నిలిపిన రాతి స్తంభంపై తెలుగు శాసనం కూడా ఉండడం మనకు సంతోషదాయకం.

దూరదర్శినిలో గ్రహశకలం నక్షత్రం వలెనే చిన్న చుక్కగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఆకాశాన్ని నక్షత్ర పటంతో పోల్చి చూచేవారు. పటంలో లేని చుక్క కనిపిస్తే దాని స్థానాన్ని గుర్తించి, మరునాడు మళ్లీ చూచేవారు. నక్షత్రాల నడుమ అది జరిగి ఉంటే గ్రహశకలమేమోనని తలచేవారు.

అయితే చూడడంతోనే పని ముగియదు. 1801 జనవరి 1న పియాజీ కనుగొన్న సెరిస్ కొద్ది వారాలకే సూర్యకాంతిలో మరుగై, జాడ తెలియకుండా పోయింది. ఆయన వ్రాసిపెట్టిన స్థానాల ఆధారంగా గౌస్ అనే గణితవేత్త కక్ష్యను లెక్కించగా, ఆ సంవత్సరాంతానికి సెరిస్ తిరిగి దొరికింది.

ఆసియా కక్ష్య దీర్ఘవృత్తం. సూర్యునికి సుమారు 29.5 కోట్ల కిలోమీటర్ల దూరం వరకు చేరువై, 43 కోట్ల కిలోమీటర్ల వరకు దూరమవుతుంది. ఒక ప్రదక్షిణకు సుమారు మూడు సంవత్సరాల తొమ్మిది మాసాలు పడుతుంది. దాని వ్యాసం 60 కిలోమీటర్లకు కొంచెం తక్కువ.

అదే వేధశాలలో సహాయకులైన చింతామణి రఘునాథాచార్యులు 1867లో కాంతి మారుతుండే ఒక నక్షత్రాన్ని కనుగొన్నారు. ఆకాశంలో కదలికనైనా, కాంతిలో మార్పునైనా పట్టి ఇచ్చేది నిన్నటి లెక్కే. కర్మాగారంలో షిఫ్టు దిగేవారు లాగ్‌ పుస్తకంలో వ్రాసే అంకెల విలువ మనకు తెలియనిది కాదు. మన పిల్లలు కూడా ఒక నోటు పుస్తకం తీసుకుని, కుజుడు ఏ నక్షత్రం పక్కన ఉన్నాడో వారానికొకసారి గుర్తించి చూడాలి. నెల తిరిగేసరికి గ్రహగమనం వారి చేతివ్రాతలోనే వారికి కనిపిస్తుంది.