మాట్లాడుకోకుండానే కుమ్మక్కు!

ఇద్దరు దొంగలు దొరికారు. చెరో గదిలో కూర్చోబెట్టారు పోలీసులు. ‘రెండోవాడి గుట్టు చెప్పేయ్, నిన్ను వదిలేస్తాం’ అని ఇద్దరికీ ఆశపెట్టారు. ఇద్దరూ నోరు మెదపకపోతే కొద్దిపాటి శిక్షతో బయటపడతారు. కానీ పక్కగదిలో వాడు కక్కేస్తే? ఆ భయంతో ఇద్దరూ చెప్పేసి, ఇద్దరూ ఇరుక్కుంటారు. దీనికే ‘ఖైదీల సందిగ్ధం’ అని పేరు.

మరి ఇదే ఆట అదే మనిషితో మళ్లీమళ్లీ ఆడాల్సి వస్తే? అది తేల్చడానికి రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య పోటీ పెట్టారు. ఫలితాలు 1980లో వచ్చాయి. ఇద్దరూ సహకరించుకుంటే చెరి 3 మార్కులు, ఇద్దరూ మోసం చేస్తే చెరొకటి. ఒకరు నమ్మి, రెండోవారు దెబ్బకొడితే మోసగాడికి 5, నమ్మినవాడికి సున్నా. పండితులు పంపిన 14 ప్రోగ్రాముల్లో అన్నిటికంటే చిన్నది గెలిచింది. పేరు ‘టిట్ ఫర్ టాట్’, పంపింది అనటోల్ రాపపోర్ట్. మొదట స్నేహం, ఆపైన ఎదుటివాడు కిందటిసారి ఏం చేస్తే అదే. అంతే! చిత్రమేమిటంటే, ఏ ఒక్క ఆటలోనూ అది ఎదుటివాడికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకోలేదు. తెచ్చుకోలేదు కూడా... ముందు దెబ్బ ఎప్పుడూ అవతలివాడిదే కదా. కలిపిన మొత్తంలోనే నెగ్గింది. ఈ సంగతి తెలిసీ రెండోసారి 62 మంది పోటీకి దిగితే, మళ్లీ అదే గెలిచింది.

2004లో ఇలాంటి పోటీకే ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 60 ప్రోగ్రాములు పంపారు. మొదటి అయిదు పది ఎత్తులూ వాటికి సైగలు. అవతలిది మనవాడే అని తేలితే ఒకటి కావాలని ఓడిపోయి రెండోదానికి మార్కులు ధారపోస్తుంది. పరాయివాడైతే ఇద్దరూ దెబ్బే! మొదటి మూడు స్థానాలూ వాళ్లవే. ధారపోసినవన్నీ అట్టడుగున తేలాయనుకోండి. మన ఎన్నికల్లో డమ్మీ అభ్యర్థులు గుర్తొస్తే తప్పు పాఠకులది కాదు.

సరే, అక్కడ సైగలు నేర్పింది మనుషులే. అసలు గుబులు పుట్టించింది ఇటలీలోని బొలోన్యా పరిశోధకులు 2020లో ప్రచురించిన ప్రయోగం. కంప్యూటర్‌లో ఉత్తుత్తి బజారు కట్టి, ధరలు నిర్ణయించే పని ప్రోగ్రాములకు అప్పగించారు. ఎవరితో కుమ్మక్కవ్వాలో చెప్పలేదు. మాట్లాడుకునే దారీ లేదు. లాభం చూసుకుంటూ నేర్చుకోవడమొక్కటే వాటి పని. లక్షలసార్లు తప్పొప్పులు చేశాక అవి పోటీ ధరకంటే పైన కుదురుకున్నాయి.

అది కాకతాళీయమేమో అని పరిశోధకులు ఒకదానిచేత బలవంతంగా ధర తగ్గింపించారు. వెంటనే రెండోదీ తగ్గించి బుద్ధి చెప్పింది. కొంతసేపు ధరల యుద్ధం. తర్వాత మెల్లమెల్లగా రెండూ పాత ధరకే చేరుకున్నాయి. దెబ్బకు దెబ్బ, ఆపైన రాజీ... రాపపోర్ట్ రాసిచ్చిన విద్యను ఇవి సొంతంగా పట్టేశాయన్నమాట.

వర్తకులు రహస్యంగా కూడబలుక్కుని ధర పెంచితే చట్టం ఊరుకోదు. కానీ అది వెతికేది ఒప్పందాన్ని... ఫోన్ కాల్‌నో, ఉత్తరాన్నో, హోటల్ గదిలో భేటీనో. 2024లో అద్దెలు సూచించే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ మీద అమెరికా న్యాయశాఖ దావా వేసినప్పుడు, ఇళ్ల యజమానుల రహస్య సమాచారం ఒకచోట చేరిందన్న ఆరోపణయినా చేతిలో ఉంది. బొలోన్యా ప్రోగ్రాముల దగ్గర సోదా చేస్తే దొరికేది రెండు ధరల పట్టికలే.